మదనపల్లెలో ఐర్లండు గురువులు

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాసి ఇవ్వవలసిందని కార్యదర్శి గారు కోరారు. కరువు భత్యం బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు గనుక ఆ పని వారికే వదిలిపెట్టి, నేను మదనపల్లె బి.టి. కాలేజీ గురించి రాస్తున్నాను.

మా సోమల నుంచి పుంగనూరు మీదుగా బస్సెక్కి పోయి పై చదువు చదివిన మా తరం వారికి కాలేజీ అంటే అదే. 1960లలో నేను అక్కడ పి.యు.సి. చదివాను. నలుగురం కలిసి తీసుకున్న అద్దె గది, ఇంటి నుంచి మోసుకుపోయిన బియ్యం, రాగిపిండి, చెనిక్కాయలు, ఒక కిరసనాయిలు స్టవ్వు, ఇదీ మా సంసారం. బి.టి. అంటే బిసెంట్ థియొసాఫికల్ అని అందరికీ తెలుసు. ఆ తరగతి గదుల్లో మాకు అర్ధ శతాబ్దం ముందు ఇంగ్లీషు పాఠం చెప్పినవారు ఎంత దూరం నుంచి, ఎందుకు వచ్చారో మాత్రం మాలో ఎవరూ విచారించలేదు. పరీక్షలో అడగరు గదా!

అనీబిసెంట్ గారు ఈ కాలేజీని 1915లో స్థాపించారు. అనంతపురంలో దత్తమండల కళాశాల వచ్చింది 1916లో. దీన్నిబట్టి రాయలసీమలో మన కాలేజీ ఎంత పాతదో ఊహించుకోవచ్చు. అప్పటికే ఆమె కాశీలో సెంట్రల్ హిందూ కాలేజీ నడిపిన అనుభవం గడించారు. జిడ్డు కృష్ణమూర్తి గారు 1895లో పుట్టిన ఊరు గనుక దివ్యజ్ఞాన సమాజం వారికి మదనపల్లె మీద ప్రత్యేకాభిమానం ఉండేది.

ఇక అసలు సంగతి. జేమ్స్ కజిన్స్ గారు 1873లో బెల్‌ఫాస్టులో పుట్టారు. కవి, నాటకకర్త. ఐర్లండు జాతీయ నాటకరంగం పుట్టినప్పుడు దాన్ని నిలబెట్టిన వారిలో ఒకరు. డబ్లిన్‌లో ఒక హైస్కూలులో ఇంగ్లీషు, భూగోళం చెప్పేవారు. తర్వాత ప్రపంచ ప్రసిద్ధుడైన రచయిత జేమ్స్ జాయిస్, 1904లో తలదాచుకునే చోటు లేక కొద్దిరోజులు వీరి ఇంట్లోనే ఉన్నారు. కజిన్స్ గారి భార్య మార్గరెట్ గారు 1878లో పుట్టారు, సంగీతంలో పట్టా పొందినవారు. ఓటు హక్కు కోసం పోరాడి లండన్‌లోనూ, ఐర్లండులోనూ జైలుకు వెళ్ళినవారు. ఈ దంపతులు 1915లో మద్రాసు చేరారు. కజిన్స్ గారికి బిసెంట్ గారి 'న్యూ ఇండియా' పత్రికలో ఉద్యోగం.

ఆ ఉద్యోగం ఎన్నాళ్ళో నిలవలేదు. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో ఈస్టరు తిరుగుబాటు జరిగింది. దాన్ని మెచ్చుకుంటూ కజిన్స్ గారు పత్రికలో రాశారు. బ్రిటిషు ప్రభుత్వం ఊరుకుంటుందా? పత్రికకే ముప్పు వచ్చే పరిస్థితి ఏర్పడి ఆయన తప్పుకోవలసి వచ్చింది. బిసెంట్ గారు ఆయన్ని మదనపల్లెకు ఇంగ్లీషు చెప్పడానికి పంపారు. మన భాషలో చెప్పాలంటే పనిష్మెంటు బదిలీ లాంటిదే. ఆ బదిలీ వల్ల లాభపడింది మాత్రం మన పిల్లలు.

ఆయన పాఠం తీరు కొత్తది. ఇంగ్లీషు కవిత్వం చెబుతూనే, మీ కళలు మీకు ఉండగా మమ్మల్ని అనుకరించడం దేనికని వాదించినవారు ఆయన. 'న్యూ వేస్ ఇన్ ఇంగ్లిష్ లిటరేచర్' అన్న ఆయన పుస్తకం 1917లో మద్రాసులో అచ్చయింది. పుదుచ్చేరిలో అరవిందులు దాన్ని సమీక్షించబోయి, ఆ ఆలోచనల వెంటే 'ది ఫ్యూచర్ పొయెట్రీ' అనే పెద్ద గ్రంథమే రాశారు. మన హైదరాబాదులో పెరిగిన హరీంద్రనాథ్ చటోపాధ్యాయ గారి మొదటి కవితా సంపుటికి 1918లో ముందుమాట రాసి లోకానికి పరిచయం చేసింది కూడా కజిన్స్ గారే.

ఇంతలో హోంరూలు ఉద్యమం వేడెక్కింది. 1917 జూన్‌లో బిసెంట్ గారినీ, అరండేల్, వాడియా గార్లనూ ప్రభుత్వం నిర్బంధించింది. మదనపల్లె విద్యార్థులు ఊరుకోలేదు. దాని ఫలితం ఏమిటంటే, మద్రాసు విశ్వవిద్యాలయం కాలేజీ గుర్తింపును తీసేసింది. సర్వీసు పుస్తకం మొదటి పేజీలో విద్యార్హత అన్న గడి విలువ ఎంతో మన సభ్యులకు చెప్పనవసరం లేదు. గుర్తింపు లేని కాలేజీలో చదివినవాడికి తాలూకా కచ్చేరీలో గుమాస్తా పని కూడా రాదు. పొలం కుదువపెట్టి కొడుకును చదివించే తండ్రికి అది ఎంత పెద్ద దెబ్బ! కాలేజీ అయితే మూతపడలేదు. అడయారులో జాతీయ విద్యాభివృద్ధి సంఘం ఏర్పరచిన నేషనల్ యూనివర్సిటీ కింద అది నడిచింది. ఆ యూనివర్సిటీకి ఛాన్సలర్ రవీంద్రనాథ్ ఠాగూరు గారు. ప్రిన్సిపాలుగా ఆ కష్టకాలంలో భారం మోసింది కజిన్స్ గారు. ఠాగూరు గారు 1919లో మదనపల్లెకు రావడం గురించి అందరూ చెబుతారు గానీ, ఆ వెనుక ఉన్న ఈ గుర్తింపు కథ ఎవరూ చెప్పరు. నాకు మాత్రం ఇదే పెద్ద విషయంగా తోస్తుంది. ప్రభుత్వం వెలివేసిన కాలేజీకి మహాకవి వచ్చి నాలుగు రోజులు ఉన్నారు.

దక్షిణదేశ పర్యటనలో ఉన్న ఠాగూరు గారు ఫిబ్రవరి చివరి వారంలో కజిన్స్ దంపతుల అతిథిగా వచ్చి విశ్రాంతి తీసుకున్నారు. ఆ కాలేజీలో బుధవారం సాయంత్రాల్లో పిల్లలు, ఉపాధ్యాయులు కలిసి పాటలు పాడుకునే అలవాటు ఉండేది. ఠాగూరు గారు కూడా వచ్చి కూర్చుని, తన పాట ఒకటి పాడతానన్నారు. అది 'జనగణమన'. పల్లవి చివర జయఘోష వచ్చేచోట పిల్లలంతా గొంతు కలిపారు. మరి రెండు రోజులకు, 1919 ఫిబ్రవరి 28న, ఆ పాటకు 'ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అన్న పేరుతో ఇంగ్లీషు అనువాదం స్వహస్తంతో రాసి సంతకం చేశారు. మార్గరెట్ గారు ఠాగూరు గారి చేత పాడించుకుని, పాశ్చాత్య పద్ధతిలో స్వరాలు రాసుకున్నారు. కాలేజీ వారు ఆ పాటను ప్రార్థనాగీతంగా చేసుకున్నారు.

ఇక్కడ ఒక మాట. జాతీయగీతానికి బాణీ కట్టింది మదనపల్లెలోనే అని మనవాళ్ళు సభల్లో గట్టిగా చెబుతుంటారు. ఊరి మీద అభిమానం మంచిదే. అయితే ఈ పాటను 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలోనే పాడారు. బాణీ లేకుండా పాడలేరు గదా! బాణీ ఠాగూరు గారిదే. మదనపల్లెలో జరిగింది ఇంగ్లీషు అనువాదం, స్వరలేఖనం. ఉన్నదే ఇంత గొప్పగా ఉంటే లేనిది కలపడం దేనికి? పైగా, ఈ గీతమే జాతీయగీతంగా ఉండాలని 1937లో కజిన్స్ గారు పత్రికకు లేఖ రాశారు. రాజ్యాంగ సభలో 1950 జనవరి 24న అలాగే జరిగింది. ఇది చెప్పుకుంటే చాలదా?

మార్గరెట్ గారి సంగతి ఇంకా రాయవలసి ఉంది. 1916లో ఆమె మదనపల్లెలో స్త్రీల కోసం 'అబలా అభివర్ధినీ సమాజం' ప్రారంభించారు. రెండు దేశాల జైళ్ళు చూసివచ్చిన ఆవిడ పెట్టిన సంఘానికి అబల అన్న పేరు ఎవరు సూచించారో గానీ, తలుచుకుంటే నవ్వొస్తుంది. మదనపల్లె ఆడవారిని కూర్చోబెట్టి మాట్లాడించిన ఆ అనుభవం వృథా పోలేదు. 1917లో అడయారులో భారత మహిళా సంఘం ఏర్పడినప్పుడు ముందు నిలిచినవారిలో ఆమె ఒకరు. అదే డిసెంబరు 18న సరోజినీ నాయుడు గారి నాయకత్వంలో మద్రాసులో మాంటేగు దొరను కలిసి స్త్రీలకు ఓటు కావాలని అడిగిన ప్రతినిధివర్గం వెనుక ఉన్న చెయ్యి ఆమెదే. మద్రాసు శాసనసభ 1921లో స్త్రీలకు ఓటు ఇచ్చింది. మన అవ్వల తరంలో ఆస్తి ఉన్న ఏ కొద్దిమందికో దక్కిన ఓటే అయినా, మొదలు అది. 1922లో ఆమె మద్రాసులో గౌరవ మేజిస్ట్రేటు అయ్యారు. 1932లో ప్రభుత్వ ఆర్డినెన్సులను ధిక్కరించి మాట్లాడినందుకు ఏడాది శిక్షపడి వేలూరు జైలుకు వెళ్ళారు. మేజిస్ట్రేటుగా కూర్చున్నవారే ముద్దాయిగా నిలబడ్డారు.

కజిన్స్ గారు 1919లో జపానుకు వెళ్ళి టోక్యోలో కైయో విశ్వవిద్యాలయంలో కొంతకాలం ఇంగ్లీషు చెప్పి వచ్చారు. 1930లలో మళ్ళీ మన కాలేజీకే ప్రిన్సిపాలుగా తిరిగి వచ్చారు. తిరువాన్కూరు సంస్థానంలో చిత్రశాల ఏర్పాటుకు ఆయనే సలహాదారు. దంపతులిద్దరూ కలిసి రాసిన ఆత్మకథ 1950లో వెలువడింది. ఆ పుస్తకం దొరికితే మన పిల్లలు చదవదగినది.

విదేశాల నుంచి మన పక్కకు వచ్చి బోధించినవారు వీరిద్దరే కాదు. ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిని నిలబెట్టిన ఫ్రిమొడ్ట్ మొల్లర్ గారు డెన్మార్కు వారు. రిషివ్యాలీ స్కూలులో 1950లలో ప్రిన్సిపాలుగా ఉన్న గోర్డన్ పియర్స్ గారు, అక్కడే చెప్పి తర్వాత 1972లో కోలారు జిల్లాలో నీల్‌బాగ్ బడి పెట్టిన డేవిడ్ హార్స్‌బరో గారు ఇంగ్లండు వారు. ఒక్కొక్కరి గురించీ ఒక్కో వ్యాసం రాయవచ్చు. ఈ సంచికలో చోటు లేదు.

మార్గరెట్ గారు పక్షవాతంతో చాలా ఏళ్ళు బాధపడి 1954లో అడయారులో కాలం చేశారు. కజిన్స్ గారు 1956 ఫిబ్రవరిలో మదనపల్లెలోనే కన్నుమూశారు.

సభ్యులకు ఒక విన్నపం. గుర్తింపు లేని ఆ రోజుల్లో, లేదా 1930లలో, ఈ కాలేజీలో చదివిన తాతలు, ముత్తాతలు మీ ఇళ్ళలో ఉండి ఉంటారు. సోమల, సదుం, చౌడేపల్లె, పుంగనూరు, కుప్పం, ఏ ఊరైనా సరే. వారి సర్టిఫికెట్టు, గ్రూపు ఫోటో, నోటు పుస్తకం, ఏది ఉన్నా చెదలు తినకముందే ఒక నకలు తీయించి కార్యదర్శి గారికి అందజేయండి. పోస్టు ఖర్చు సంఘం భరిస్తుందని వారు చెప్పారు.