టీకా, తాత్పర్యం, తల్లిదండ్రుల దిగులు

తెలుగు పండితుడికి టీక అనగానే ముందుగా వ్యాఖ్యానం గుర్తుకు వస్తుంది. మూలం, ప్రతిపదార్థం, టీక, తాత్పర్యం అన్న వరుసలోనే మేము చదువుకున్నాము, చదువు చెప్పాము. బిడ్డ జబ్బకు వేసే టీకా వేరు. అది ఉత్తరాది వాడుక నుండి మనకు వచ్చిన మాట. గుర్తు, బొట్టు అనే అర్థాలు కలది. అయితే ఈ రెండవ టీకాకు కూడా ఒక తాత్పర్యం ఉన్నది. రెండు వందల ఏళ్ళుగా మన తల్లిదండ్రులు బిడ్డల విషయంలో దేనికి భయపడ్డారు, ఆ భయం ఎక్కడ నుండి సంక్రమించింది అనేది ఆ మాటను పట్టుకుని వెనక్కు నడిస్తే కొంత తెలుస్తుంది.

ఈ విచారణకు హేతువు 2021 వేసవి. కరోనా రెండవ విడత ఏప్రిల్, మే నెలలలో ఊళ్ళను కుదిపి వెళ్ళిన తరువాత ఒక మాట రాష్ట్రమంతటా పాకింది. మూడవ విడత తప్పదనీ, అది పిల్లల మీదనే విరుచుకుపడుతుందనీ. దానికి చెప్పిన తర్కం వినడానికి సబబుగానే ఉండేది. పెద్దలకు టీకాలు పడుతున్నాయి, పిల్లలకు ఇంకా టీకా రాలేదు. కనుక రోగం రక్షణ లేని చోటు వెతుక్కుంటుందని. వినుకొండకు చేరువలో, నల్లమల కొండల ఛాయలో ఉన్న బొల్లాపల్లి వంటి చోట ఈ మాటకు బరువు ఎక్కువ. అవి మెట్టపొలాలు, లంబాడీ తండాలు, కూలి కోసం ఊరు దాటే కుటుంబాలు ఉన్న పల్లెలు. బిడ్డకు ఊపిరాడకపోతే వినుకొండకు పరుగెత్తాలి. అక్కడ కాదంటే నరసరావుపేట, ఆపైన గుంటూరు. అటువంటి చోట తల్లి భయపడడాన్ని అజ్ఞానమని కొట్టివేయడం న్యాయం కాదు. ఆ భయానికి చాలా పాత వేళ్ళున్నాయి.

ఆ వేళ్ళు మశూచిలో ఉన్నాయి. మాధవనిదానం ఈ రోగాన్ని మసూరిక అన్నది. పొక్కులు మసూరపప్పు గింజల్లా ఉంటాయి కనుక ఆ పేరు. మన పల్లెల్లో మాత్రం రోగం పేరు పలికే వారు కారు. అమ్మవారు పోసింది అనేవారు. మశూచి పెద్దమ్మవారు, తట్టు చిన్నమ్మవారు, ఆటలమ్మ సరేసరి. పొక్కులను ముత్యాలన్నారు, ముత్యాలమ్మ గుడి లేని ప్రాంతం మనకు అరుదు. పోలేరమ్మను చల్లగా చూడమని మొక్కారు. తండాలలో వానలు పడిన తరువాత జరుపుకునే సీత్లా పండుగలోని దేవత పేరు శీతల, అంటే చల్లనిది. భాష వేరైనా, దేశం వేరైనా ఒళ్ళు కాలిపోతున్న బిడ్డ పక్కన కూర్చున్న తల్లి కోరినది ఒక్కటే, చల్లదనం. గుమ్మానికి వేపమండలు కట్టడం, ఇంట తాలింపు వేయకపోవడం, పొరుగువారు గడప దాటకపోవడం భక్తితో చేసిన పనులే గాని, రాకపోకలు ఆగడం వలన వాటిలో రోగిని వేరుగా ఉంచే మేలు కూడా కొంత ఇమిడి ఉన్నది.

మశూచి పిల్లల మీదనే ఎందుకు పడేది? ఒకసారి సోకి బతికిన వారికి అది మళ్ళీ దాదాపుగా రాదు. తరతరాలుగా తిరిగే రోగం కనుక పెద్దలలో చాలామంది దానిని చిన్ననాడే దాటి వచ్చినవారు. మిగిలినది కొత్తగా పుట్టిన పిల్లలే. తీవ్రమైన రకం సోకితే పదిమందిలో ముగ్గురు పోయేవారు. బతికిన వారిలో కొందరికి కళ్ళు పోయేవి. ఈ దిగులుకు సాక్ష్యం శాసనాలలో వెతకనక్కరలేదు, మన పేర్లలోనే ఉన్నది. ముందు పుట్టిన బిడ్డలు దక్కని ఇంట, పుట్టిన పసికందును పెంటకుప్ప మీద పడుకోబెట్టి తిరిగి తెచ్చుకుంటే పెంటయ్య, పెంటమ్మ. ఎంగిలి విస్తరిలో దొర్లించి ఎత్తుకుంటే పుల్లయ్య, పుల్లమ్మ. ఎవరికీ అక్కరలేని బిడ్డ అని మృత్యువును నమ్మించడానికి చేసిన ఉపాయమది. పల్నాటి సీమలో పాత హాజరుపట్టీ ఏది తిరగేసినా ఈ పేర్లు కనబడతాయి. పేరు పిలిచి నవ్విన వారికి తెలియదు, అందులో ఎంత కన్నీరు ఉన్నదో.

1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ళ పాపకు వేసినది ఈ దేశంలో తొలి మశూచి టీకా. మందును నిలవ ఉంచే సాధనాలు ఆనాడు లేవు. టీకా వేసిన బిడ్డ జబ్బ మీద పొక్కు లేచాక, ఎనిమిదవ నాటికి ఆ పొక్కులోని రసం తీసి మరొక బిడ్డకు ఎక్కించేవారు. ఆ విధంగా చేతి నుండి చేతికి టీకా ఊళ్ళు దాటింది. తల్లులు ఎదురు తిరిగినది చాలా చోట్ల ఇక్కడే. మొదటి గాటును ఓర్చుకున్న తల్లి కూడా, వాచిన జబ్బను మళ్ళీ గెలికి రసం తీస్తామంటే బిడ్డను దాచింది. ఎవరి బిడ్డ రసమో తన బిడ్డ ఒంట్లోకి వద్దన్నది. కులపు పట్టింపు ఇందులో లేదని అనను. కాని చేతి నుండి చేతికి వేసే పద్ధతిలో ఇతర రోగాలు కూడా అంటే ప్రమాదం ఉన్నదని తరువాత వైద్యులే ఒప్పుకున్నారు. దూడల నుండి తీసిన టీకా రసం వచ్చిన తరువాత ఆ పద్ధతి క్రమంగా పోయింది. మదరాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ మన ప్రాంతాలకు ఆ రసం తయారుచేసి పంపిన సంస్థ. తల్లి అభ్యంతరంలో కొంత న్యాయం ఉన్నదని తెలుసుకుని పద్ధతి మార్చుకున్నందువలన కూడా టీకా నిలిచింది. 1975 మే నెలతో భారతదేశంలో మశూచి ముగిసింది. 1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ లోకమంతటా ముగిసినట్లు ప్రకటించింది. మా తరం వారి జబ్బల మీద ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి.

మహమ్మారులన్నీ మశూచి వంటివి కావు. 1918లో బొంబాయి రేవు నుండి దేశంలోకి వచ్చిన ఇన్‌ఫ్లూయెంజా పసివారిని వదలలేదు గాని, ఎన్నడూ లేని విధంగా ఇరవై నుండి నలభై ఏళ్ళ వయసు వారిని కోసివేసింది. అంటే తల్లులనూ తండ్రులనూ. ఈ దేశంలో కోటి ఇరవై లక్షల నుండి రెండు కోట్ల వరకు చనిపోయారని చరిత్రకారుల అంచనాలు. 1911కూ 1921కూ నడుమ దేశ జనాభా పెరగకపోగా కొద్దిగా తగ్గింది. ఆనాటి బిడ్డలకు జరిగిన పెద్ద అపాయం జ్వరం కాదు, దిక్కులేనితనం. కాని అమ్మవారికి ఉన్నట్లు ఆ జ్వరానికి ఒక గుడి లేదు, ఒక పండుగ లేదు. అందువలననేమో అది చెప్పిన పాఠం మన జ్ఞాపకంలో నిలవలేదు. నిలిచినది మశూచి నేర్పిన పాఠమే: మహమ్మారి వస్తే ముందు బిడ్డను దాచుకో అని.

2021 నాటి భయం ఆ పాత పాఠమే. లెక్కలు మాత్రం వేరుగా చెప్పాయి. ఆ ఏడాది జూన్, జూలై నెలలలో భారత వైద్య పరిశోధన మండలి జరిపిన నాలుగవ సర్వేలో ఆరు నుండి తొమ్మిదేళ్ళ పిల్లలలో 57.2 శాతం మందికి, పది నుండి పదిహేడేళ్ళ వారిలో 61.6 శాతం మందికి రక్తంలో కరోనా ప్రతిరక్షకాలు కనబడ్డాయి. ఆ వయసులకు అప్పటికి టీకా లేదు. అంటే సగానికి పైగా పిల్లలకు రోగం సోకి, చాలామందిలో ఎవరికీ తెలియకుండానే వెళ్ళిపోయింది. కోలుకున్న కొన్ని వారాలకు అవయవాలు వాచే జబ్బు కొందరు పిల్లలకు వచ్చిన మాట నిజమే, అది అరుదు. వయసు పెరిగినకొద్దీ ప్రాణాపాయం పెరగడం ఈ రోగ స్వభావం.

మరి పిల్లలకు ఏమీ కాలేదా? అయినది. 2020 మార్చిలో మూతపడిన బడులు నవంబరు 2న పై తరగతులకు తెరుచుకున్నప్పుడు, బిడ్డను పంపడానికి తల్లిదండ్రుల అంగీకారపత్రం అడిగారు. 2021 ఏప్రిల్‌లో మళ్ళీ మూసి ఆగస్టు 16న తెరిచారు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి, సెల్‌ఫోన్లలో పాఠాలు వచ్చాయి. ఫోను తండ్రితో పాటు పొలానికి పోయే ఇంట అవి ఎంత చేరి ఉంటాయో ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు. మధ్యాహ్న భోజనానికి బదులు బియ్యం, గుడ్లు ఇంటికి ఇచ్చారు. అంతకన్న పెద్ద దెబ్బ, కొందరు పిల్లలకు తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. వారి పేర పది లక్షల రూపాయలు డిపాజిట్ చేస్తామని 2021 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. 1918 మరల తొంగిచూసినది ఇక్కడ.

ఆ రోజులలో తీసుకున్న నిర్ణయాలలో నాకు మిక్కిలి సబబుగా తోచినది 2021 జూన్ నాటిది. ఐదేళ్ళ లోపు పిల్లలున్న తల్లులకు, వారి వయసుతో నిమిత్తం లేకుండా, ముందుగా టీకా వేయాలన్నారు. మూడవ విడత పిల్లలకు వస్తుందన్న భయమే దానికి కారణం. కారణం మాట ఎలా ఉన్నా ఫలితం మంచిది. బిడ్డ కోసమైతే తల్లి తన జబ్బ చాపుతుంది. తన కోసమని అడిగితే పని ఉన్నదనో, జ్వరం వస్తే కూలి పోతుందనో వాయిదా వేస్తుంది. తరువాత 2022 జనవరి 3 నుండి పదిహేనేళ్ళు దాటిన పిల్లలకు, మార్చి 16 నుండి పన్నెండేళ్ళు నిండిన వారికి టీకాలు మొదలైనాయి. అందుకు వాడిన కోవాగ్జిన్, కోర్బెవాక్స్ రెండూ హైదరాబాదు సంస్థలు తయారుచేసినవే.

నాకు తోచిన తాత్పర్యం ఇది. ఒక్కొక్క మహమ్మారి ఒక్కొక్క వయసును ఎంచుకుంటుంది. భయం మాత్రం ఎప్పుడూ ఉయ్యాల వైపే చూస్తుంది. ఆ చూపును తప్పు పట్టరాదు, పెంటయ్యలనూ పుల్లయ్యలనూ బతికించుకోవాలని తపించినది ఆ చూపే. కాని ఈసారి ఏ వయసుకు ముప్పు ఉన్నదో తల్లికి అర్థమయ్యే మాటల్లో చెప్పేవారు ఊళ్ళో ఉండాలి. బిడ్డను కాపాడడంలో సగభాగం ఆ బిడ్డకు తల్లీ తండ్రీ మిగలడమేనని కూడా చెప్పాలి.

మిత్రుల ఊళ్ళలో అమ్మవారి నాటి ఆచారాలు, పిల్లలకు పెట్టిన ఇటువంటి పేర్లు ఇంకేమైనా ఉంటే పెద్దలనడిగి తెలుపగలరు. చెప్పగలిగినవారు ఉండగానే రాసిపెట్టుకోవలసిన సంగతులివి.