నుడికారానికి మార్కులు

మా వీధి చివరింటి అమ్మాయి నర్సింగ్ చదివి, నాలుగేళ్లు ఆస్పత్రిలో పనిచేసి, బ్రిటన్ వెళ్దామనుకుంది. అక్కడ నర్సుగా నమోదు కావడానికి ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లకి మాట్లాడే పరీక్షలో 7 బ్యాండ్ రావాలి. ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కదా అని నా దగ్గరికొచ్చింది. చేతిలో నూటయాభై ఇంగ్లీషు జాతీయాల జిరాక్సు కాగితాలు. "ఇవి వాడితేనే 7 వస్తుందట మాస్టారూ, కాస్త అప్పజెప్పించుకోండి" అంది. నేనూ ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టే అప్పజెప్పించుకున్నాను. తప్పు అక్కడ మొదలైంది. అందులో నా వాటా ఉంది కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

పరీక్షలో ఎవరైనా ఒక పెద్దాయన గురించి మాట్లాడమన్నారట. తన వార్డులో రెండు నెలలున్న తాతగారి గురించి చెప్పింది. ఆయనకి అన్నం తినిపించడం, ఆయన ఆమెను మనవరాలా అని పిలవడం, అన్నీ చక్కగా చెప్పుకొచ్చింది. ఆయన పోయిన రాత్రి దగ్గరికి వచ్చేసరికి కాగితంలోని మాట గుర్తొచ్చింది: 'కిక్‌డ్ ద బకెట్' అనేసింది.

6.5 వచ్చింది. ఆ ఒక్క మాటకే అర బ్యాండ్ పోయిందనలేం. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అని నాలుగు వైపుల నుంచి చూసి మార్కులు వేస్తారు. కానీ ఆ అమ్మాయిని బాధపెట్టింది మార్కులు కాదు. ఇంటికొచ్చి ఆ మాట సంగతి నన్ను అడిగింది. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "తాతగారి గురించి అలా అన్నానా మాస్టారూ" అంది.

చిత్రమేమిటంటే ఆ మాటకి తెలుగులో అచ్చు అద్దం లాంటి మాటే ఉంది: బాల్చీ తన్నేశాడు. తెలుగులో ఆ అమ్మాయి చచ్చినా ఆ మాట అనదు. పోయారు, కాలం చేశారు, కన్నుమూశారు, హరీమన్నాడు, టపా కట్టేశాడు. వీటిలో ఏది ఎవరి గురించి, ఎవరి ముందు అనాలో మనకి ఎవరూ నేర్పలేదు, అయినా తప్పు చెయ్యం. ఆమె కాగితంలో ఆ ఇంగ్లీషు మాట పక్కన ఉన్నదల్లా 'చనిపోవుట' అని ఒక్క ముక్క. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ ఈ మాటను తన నిఘంటువులోకి ఎక్కించాడు. ఆ నిఘంటువు మోటు మాటలకీ వీధి మాటలకీ వేసినది. అంటే మాట ఎక్కడి సరుకో ఇంగ్లీషువాళ్లు 200 ఏళ్ల కిందటే రాసి పెట్టుకున్నారు. జిరాక్సు కాగితంలో అర్థం మిగిలింది, చిరునామా పోయింది.

అసలు పరీక్షకీ జాతీయాలకీ ఈ ముడి ఎలా పడింది? కేంబ్రిడ్జి వాళ్లు 1913లో విదేశీయుల కోసం మొదటి ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్ష పెట్టినప్పుడు అది మొత్తం 12 గంటల పరీక్ష. అనువాదాలు, వ్యాసం, సాహిత్యం, ధ్వనిశాస్త్రం పోగా, చదివి వినిపించి సంభాషించడానికి దక్కింది అరగంట. ముగ్గురు రాశారు, ముగ్గురూ తప్పారు. అప్పటి చూపు పుస్తకం మీద. 1989లో మొదలైన ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే భాగం 11 నుంచి 14 నిమిషాలే అయినా, దానికి విడిగా ఒక బ్యాండ్ ఉంది. వీసాలూ ఉద్యోగాలూ ఆ అంకె మీద ఆధారపడ్డాయి.

7 బ్యాండ్ వివరణలో పదసంపద దగ్గర ఒక మాట ఉంది: 'ఇడియమాటిక్'. అంతగా వినబడని మాటలూ, ఇడియమాటిక్ మాటలూ కొంతవరకు వాడగలగాలని దాని సారం. దాన్ని 'ఇడియమ్స్ వాడాలి' అని చదువుకున్నారు. జాబితాలు పుట్టాయి. ఆ వెంటనే శైలి గురించీ, ఏ మాట పక్కన ఏ మాట పొసుగుతుందన్న ఎరుక గురించీ ఉన్న భాగాన్ని ఎవరూ జిరాక్సు తియ్యలేదు.

ఇంగ్లీషులో ఇడియమ్ అన్న ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. దాని గ్రీకు మూలంలో ఉన్నది 'సొంతం' అన్న భావం. ఒక భాషకు సొంతమైన పలుకుబడి అని ఒక అర్థం, విడి మాటల అర్థంతో తేలని పదబంధం అని ఇంకొకటి. మనకి రెండు మాటలున్నాయి: నుడికారం, జాతీయం. పరీక్ష అడిగింది నుడికారం. మేం బట్టీ పట్టింది జాతీయాలు. ఈ తేడా తెలుగులో ఆలోచించి ఉంటే నాకు మొదటిరోజే తట్టేది.

ఎత్తి తెచ్చుకున్న మాటలతో సంభాషణ నడిపే జబ్బు పరాయివాళ్లకే పరిమితం కాదు. 1738లో జొనాథన్ స్విఫ్ట్ మర్యాదస్తుల సంభాషణల మీద ఒక వెటకారపు పుస్తకం వేశాడు. దాని కల్పిత రచయిత, పెద్దింటివాళ్ల నోట విన్న చమత్కారాలన్నీ ఏళ్ల తరబడి రాసి పెట్టుకున్నాననీ, వాటిని కంఠస్థం చేస్తే ఎవరైనా సభలో రాణించవచ్చనీ చెబుతాడు. ఇందులో ఒక్కటీ నూరేళ్ల లోపుది కాదని గొప్పలు కూడా పోతాడు. మా జాబితాలో మొదటి పేజీలోనే ఉన్న కుక్కలూ పిల్లుల వాన ఆ పుస్తకంలో ఉంది. బట్టీ మాటలను ఎగతాళి చెయ్యడానికి వాడిన మాటను మేం మార్కుల కోసం బట్టీ పట్టాం.

1855లో పారిస్‌లో అచ్చయిన ఒక పోర్చుగీసు-ఇంగ్లీషు సంభాషణల పుస్తకానిది ఇంకో దారి. పెద్రో కరోలినో దాన్ని ఫ్రెంచి మీదుగా, మాటకి మాట పెట్టి తయారు చేశాడు. గుమ్మం ముందు పడిగాపులు పడటమనే ఫ్రెంచి జాతీయం అతని చేతిలో కోతిపిల్లను నమలడమైంది. 1883లో మార్క్ ట్వేన్ ముందుమాటతో అమెరికాలో దాన్ని మళ్లీ వేసుకున్నారు, నవ్వుకోడానికి. ఆ పుస్తకం నమ్మి నేర్చుకున్నవాడు ఎవరైనా ఉంటే, అతని గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు.

ఇదే పరీక్ష ఒకప్పుడు తిరగబడి నడిచింది. 1812లో మద్రాసులో పెట్టిన ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీలో కుర్ర దొరలు మన భాషలు నేర్చుకుని పరీక్షలు ఇవ్వాలి. 1817లో వచ్చిన సి.పి. బ్రౌన్ అక్కడే తెలుగు మొదలుపెట్టాడు. ఆయన తర్వాత నిఘంటువులతో ఆగలేదు, జనం నోట కలగలిసిన అన్యదేశ్యాలకు కూడా 1854లో విడిగా నిఘంటువు వేశాడు. 1868లో కెప్టెన్ కార్ తెలుగు సామెతలను పోగుచేసి అచ్చువేశాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో విశాఖ వైపు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్‌కి తను పుస్తకాల్లో నేర్చుకునే తెలుగు బయట ఎవరి నోటా వినబడలేదు. ఎందుకిలా అని అడిగాడు. ఆ ప్రశ్న పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గిడుగు రామమూర్తినీ గురజాడనూ చేరింది. తర్వాతి వ్యావహారిక భాషోద్యమం కథ తెలిసిందే. అంటే మన వాడుక భాష గెలుపు వెనుక, నుడికారం దొరక్క తికమకపడ్డ ఒక నేర్చుకునేవాడి ప్రశ్న కూడా ఉంది. అతను అడిగాడు కాబట్టి తేలింది. మేం అడగలేదు, అప్పజెప్పుకున్నాం.

రెండోసారి పరీక్షకి కట్టాక ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి కాగితాలు పక్కన పెట్టమన్నాను. "తాతగారి సంగతి ముందు నాకు తెలుగులో చెప్పమ్మా" అన్నాను. చెప్పింది. "ఆ రాత్రి నాకు డ్యూటీ లేదు మాస్టారూ. పొద్దున్నే వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది, కొత్త దుప్పటి వేసేశారు." అదే ఇంగ్లీషులో చెప్పమన్నాను. చిన్న చిన్న మాటల్లో, ఎక్కడా ఆగకుండా చెప్పింది. పోయాడన్న మాట అసలు రాలేదు. విన్న నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు.