చదరంగమున తొలి యెత్తులు

బొడ్డుచెర్ల తిమ్మనకవి శ్రీకృష్ణదేవరాయలతో చదరంగమాడి గెలిచెడివాడని మన దేశమున పేరు. ఆ మాట చెప్పు చాటుపద్యము నేటికిని పెద్దల నోట వినబడుచున్నది. ఆ నేర్పునకు మెచ్చి రాయలు కొప్పోలు గ్రామమును అగ్రహారముగ నిచ్చెనని ప్రతీతి. రాయల పాలనము 1509 మొదలు 1529 వరకు. ఆయన కొలువున కావ్యములు పుట్టినవి, అవి తాటాకులపై నిలిచినవి. కాని తిమ్మన మొదట నే బంటును కదపెనో, దానికి రాయలు దేనితో బదులు చెప్పెనో తెలుపు పంక్తి యొక్కటియు మనకు దక్కలేదు. బహుమానము లెక్కకెక్కినది, ఆట లెక్కకెక్కలేదు.

మన పూర్వులకు ఈ యాటపై వ్రాయు అలవాటే లేకపోయెనని యనరాదు. బాణుని హర్షచరిత్రమున చతురంగ ప్రస్తావన కలదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడు తన మానసోల్లాసమున రాజవినోదములలో దీనిని చేర్చి వర్ణించినాడు. అయితే వారు వ్రాసినది ఆట యొక్క లక్షణము. ఫలానా ఆటగాడు ఫలానా దినమున ఆడిన యెత్తులను వరుసగ వ్రాసియుంచుట మాత్రము మనవారికి పట్టుబడలేదు. పొలమునకు హద్దులు వ్రాసి, పండిన పంట వ్రాయని అడంగలు వంటిది ఈ లోపము.

ఆట ఇచ్చట పుట్టి పారసీకమునకును, అరబ్బులకును, వారినుండి ఐరోపాకును పోయినది. పదునైదవ శతాబ్దాంతమున స్పెయిను, ఇటలీ దేశములలో దాని నడక మారినది. ఒక్కొక్క గడి చొప్పున ఐమూలగ నడచు మంత్రికి పలకపై నెల్ల దిక్కులకును పరుగెత్తు బలము వచ్చెను. శకటునకు ఐమూల బాట పొడవైనది. బంటునకు మొదటి యెత్తున రెండు గళ్ళు దుముకు స్వాతంత్ర్యము అంతకు ముందే కలిగియుండెను. ఈ మార్పులతో రెండు సేనలు తొందరగ తలపడసాగినవి. తొలి పది యెత్తులలోనే ఆటకట్టు కావచ్చును. కనుక మొదటి యెత్తులను శాస్త్రముగ చదువవలసిన యవసరము వారికి గలిగెను. 1497లో లూసెనా, 1561లో రుయ్ లోపెజ్ అను పురోహితుడు, 1620 ప్రాంతమున గ్రేకో ఈ విషయమై వ్రాసిరి. రాయలు, తిమ్మన పలకముందు కూర్చున్న కాలమునకే అక్కడ లూసెనా పుస్తకము అచ్చుపడి యుండెను.

క్రొత్తగ నేర్చుకొనువారికి నేటికిని చెప్పు తొలిపాఠము ఇటలీ ఆరంభము. దానిని వారు నెమ్మది యాట యని పిలిచిరి. తెల్లవారు రాజు ముందరి బంటును రెండు గళ్ళు త్రోయుదురు. నల్లవారును అట్లే చేయుదురు. తెల్లవారి రాజువైపు గుర్రము పలక నడుమకు మొగమై వచ్చి ఎదుటి బంటును బెదిరించును. నల్లవారి మంత్రివైపు గుర్రము వచ్చి దానిని కాచును. పిమ్మట రాజువైపు శకటులు రెండు పక్షములను నాలుగవ గడి వరకు వెలుపలికి వచ్చును. తరువాత రాజునకు కోట కట్టుట.

ఈ యెత్తులను వల్లించుటకు అరగంట చాలును. వల్లించినంత మాత్రమున ఆట రాదు. శకటు అచ్చట నిలుచుటకు కారణమేమి? ఎదుటి రాజు ప్రక్క శకటునకు ముందున్న బంటును రాజు తప్ప వేరెవరును కాయరు. శకటు చూపు దానిపై నున్నది. బాలురు ఈ గుట్టు తెలియగనే మంత్రిని ముందే వెలుపలికి తెచ్చి, నాలుగవ యెత్తున ఆటకట్టు చేయజూతురు. తెలియనివాడు చిక్కును. తెలిసినవాడు గుర్రములను, బంట్లను కదపుచు ఆ మంత్రిని ఇటునటు తరుముచు తన బలగమును తీర్చుకొనును. బలగమంతయు ఇంటనుండగ ఒక్క మంత్రిని యుద్ధమునకు పంపుట పేరాశ యని నేర్చుటకు ఇంతకంటె చౌకయైన బడి లేదు.

మన అరుగుల మీద సాగిన యాట వేరు. పాత భారతీయ పద్ధతిలో బంటు ఒక్క గడియే నడచును. రాజు, కట్టుపడక యున్నంతవరకు, ఒక్కసారి గుర్రమువలె దుముకవచ్చును. కోట లేదు. ఇట్టి యాటలో సేనలు నిదానముగ కలియును. గుర్రము ముందరి బంటును ఒక గడి జరిపి, ఆ సందున శకటును దాచి, దూరమునుండి పలక నడుమకు గురిపెట్టుట సహజముగ నబ్బు విద్య. దీనిని చూచిన తెల్లదొరలు కొందరు మందకొడి యాట యనుకొనిరి. ఆ తీర్పు ఎంత తొందరపాటో తరువాత తేలినది.

1814లో బొంబాయిలో ఒక పుస్తకము వెలువడెను. కర్త తిరుపతి ప్రాంతపు పండితుడు తిరువెంగడాచార్యశాస్త్రి. సంస్కృతమున తాను రచించిన విలాసమణిమంజరిని ఐరోపా పద్ధతికి అనుగుణముగ ఇంగ్లీషున నిచ్చినాడు. అందున్నవి ముఖ్యముగ ఆటకట్టు సమస్యలు. తొలి యెత్తుల శిక్షణ కాదు. అయినను తిమ్మన నాటినుండి మాటగ నుండిన విద్యను మన వైపు పండితుడొకడు అచ్చునకెక్కించుట చిన్న సంగతి కాదు.

అసలు పరీక్ష కలకత్తాలో జరిగినది. జాన్ కాక్రేన్ అచ్చట బారిష్టరు; 1822లోనే చదరంగముపై గ్రంథము వ్రాసినవాడు. ఆ దరి పల్లెనుండి మహేశచంద్ర బందోపాధ్యాయుడను బ్రాహ్మణుని రప్పించి 1848 మొదలు ఆయనతో పెక్కు ఆటలాడెను. బందోపాధ్యాయుడు పెరిగినది దేశీయ పద్ధతిలో. క్రొత్త నిబంధనలు నేర్చుకొనియు ఆయన తన పాత నడకను విడువలేదు. శకటును మూల బాటలో దాచి, నడుమ గళ్ళను ఎదుటివానికి వదలి, పిదప వానిని పగులగొట్టజూచెను. 1855లో ఆయన నల్లపావులతో ఆడిన ఆరంభమే 1922లో వియన్నాకు చెందిన గ్రున్‌ఫెల్డ్ పేరు దాల్చినది. ఆ 1855 నాటి ఆటలో గెలిచినది కాక్రేనే. ఓడిన యాటయైనను ఎత్తుకు ఎత్తు వ్రాయబడి యుండుటచే నేటికిని పుస్తకములలో ఆడబడుచున్నది. గుర్రమును ముందుకు తెచ్చి, శకటును మూల బాటలో నుంచి ఆడు రక్షణములకు లోకమంతటను భారతీయ రక్షణములని పేరు నిలిచినది.

ఇటీవలి తెలుగు ఆటగాండ్రు ఈ పుస్తక విద్యలోనే పెరిగినవారు. గుంటూరున పుట్టిన పెండ్యాల హరికృష్ణ 2001లోను, గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లోను గ్రాండుమాస్టరులైరి. తండ్రి అశోక్ హంపికి తొలి గురువు. ఆమె 2019లోను, మరల 2024లోను వేగ చదరంగమున ప్రపంచ విజేత యయ్యెను. వీరు ఆడిన యాటలు ఎచ్చటివారైనను తిరుగవేసి చూడవచ్చును.

ఆరంభములకు అధిదేవతయైన సిద్ధివినాయకుడు వెలసిన ఐనవిల్లిలో, గ్రంథాలయమున పలక పరచుకొని ఈ విద్య మొదలిడు బాలునకు కావలసినది ఖరీదైన పావులు కావు. రూళ్ళు గీసిన నోటుపుస్తక మొకటి చాలును. ఎడమవైపు తెల్లవారి యెత్తు, కుడివైపు నల్లవారి యెత్తు, పైన తారీఖు, ఆడినవారి పేర్లు. ఓడిన యాటను మరింత శ్రద్ధగ వ్రాయవలెను. ఏ యెత్తున దారి తప్పినదో దానియందే యుండును.