గంటసేపు ఒకే గేర్: ట్రాక్ సైకిల్ చెప్పే 130 ఏళ్ల కథ

ఈరోజు టాపిక్ కాస్త వెరైటీగా ఉంటుంది. వెలోడ్రోమ్‌లో రేస్ చేసే సైకిల్ గురించి, దాని గేర్ గురించి మాట్లాడుకుందాం. "గేర్‌లో హిస్టరీ ఏముంది బాసూ" అంటారేమో, ఉంది. పళ్ల చక్రంలో ఎన్ని పళ్లు ఉండాలనే చిన్న లెక్క చుట్టూ వరల్డ్ రికార్డులు వచ్చాయి, పోయాయి. కొన్నిటినైతే కాగితం మీదే పక్కన పెట్టేశారు.

ముందు బేసిక్స్ చెప్పేస్తాను. ట్రాక్ సైకిల్‌కి బ్రేకులుండవు. మన మామూలు సైకిల్‌లా ఫ్రీవీల్ కూడా ఉండదు. వెనక చక్రం తిరుగుతున్నంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది, కాలు ఆపడానికి వీల్లేదు. దీన్నే ఫిక్స్‌డ్ గేర్ అంటారు. ఉండేది ఒక్కటే గేర్. రేస్ మధ్యలో మార్చడానికి లివర్ లేదు. అంటే స్టార్ట్ కాకముందే డిసైడ్ అవ్వాలి. తప్పుగా డిసైడ్ అయితే ఆ తప్పుతోనే చివరిదాకా తొక్కాలి.

గేర్ లెక్క చాలా సింపుల్. ముందు చక్రంలో 52 పళ్లు, వెనక చక్రంలో 14 పళ్లు ఉన్నాయనుకోండి. 52ని 14తో భాగిస్తే సుమారు 3.7. అంటే పెడల్ ఒక్క చుట్టు తిరిగితే వెనక చక్రం 3.7 చుట్లు తిరుగుతుంది. రేసింగ్ చక్రం చుట్టుకొలత దాదాపు 2.1 మీటర్లు. రెండూ గుణిస్తే 7.8 మీటర్లు. పెడల్ ఒక్క చుట్టుకి సైకిల్ 7.8 మీటర్లు ముందుకెళ్తుంది. ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

కథ కోసం నేను తీసుకున్నది అవర్ రికార్డ్. రూల్ ఒక్కటే: ఒక గంట, ఒక మనిషి, ఒక ట్రాక్, ఎంత దూరం వెళ్తే అంత. 1893 మే నెలలో పారిస్‌లోని బఫెలో వెలోడ్రోమ్‌లో ఆన్రీ డెస్‌గ్రాంజ్ అనే ఆయన గంటలో 35.325 కిలోమీటర్లు తొక్కాడు. పదేళ్ల తర్వాత 1903లో టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టింది కూడా ఈయనే.

అక్కడి నుంచి ఒక్క దూకుతో 1972కి వద్దాం. బెల్జియం రైడర్ ఎడ్డీ మెర్క్స్ అప్పటికే నాలుగు టూర్లు గెలిచిన మొనగాడు. ఆయన మెక్సికో సిటీకి వెళ్లాడు. అంత దూరం ఎందుకంటే, ఆ ఊరు సముద్రమట్టానికి 2,200 మీటర్లకి పైన ఉంటుంది. గాలి పల్చన, కాబట్టి అడ్డు తక్కువ. ఎర్నెస్తో కొల్నాగో కట్టిన సైకిల్ ఆరు కిలోలు కూడా లేదు. బరువు తగ్గించడానికి విడిభాగాలకి చిల్లులు కూడా కొట్టారు. గేర్ 52–14. అక్టోబర్ 25న ఆయన 49.431 కిలోమీటర్లు వెళ్లాడు.

ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. 49,431 మీటర్లని 7.8తో భాగిస్తే సుమారు 6,340 చుట్లు. అంటే నిమిషానికి 105 పైనే. గంటసేపు, ఆపకుండా! ఇంట్లో సైకిల్ ఉంటే ఒక్క నిమిషం ఆ స్పీడ్‌లో కాళ్లు తిప్పి చూడండి, తెలుస్తుంది.

ఆ రికార్డ్ పదకొండేళ్లకి పైగా నిలిచింది. 1984 జనవరిలో ఇటలీ రైడర్ ఫ్రాన్సెస్కో మోజర్ అదే మెక్సికో సిటీకి వెళ్లి, నాలుగు రోజుల తేడాలో రెండుసార్లు బద్దలుకొట్టాడు. చివరికి నిలిచిన దూరం 51.151. ఇక్కడే ఆట మారింది. మెర్క్స్ బరువు తగ్గించడం మీద పెట్టిన దృష్టిని మోజర్ గాలి మీద పెట్టాడు. పుల్లలున్న చక్రాలు పోయి, పళ్లెంలా మూసుకుపోయిన డిస్క్ చక్రాలొచ్చాయి.

దీని వెనక సైన్స్ రెండు ముక్కల్లో చెప్తాను. ఫ్లాట్ ట్రాక్ మీద ఒకే స్పీడ్‌లో వెళ్లేటప్పుడు బరువు పెద్ద శత్రువు కాదు, అసలు శత్రువు గాలి. పైగా స్పీడ్ పెరిగేకొద్దీ దాన్ని చీల్చడానికి కావాల్సిన పవర్ ఘనం లెక్కన పెరుగుతుంది. స్పీడ్ 15 శాతం పెంచాలంటే పవర్ 50 శాతం పైన పెరగాలి. ఏ మనిషీ తన కాళ్లలో ఉన్నట్టుండి 50 శాతం పెంచుకోలేడు. గాలి అడ్డుని తగ్గించుకోవడమే దారి. ఆ అడ్డులో ఎక్కువ వాటా సైకిల్‌ది కాదు, మన ఒంటిది.

ఈ విషయాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్నవాడు స్కాట్లాండ్ కుర్రాడు గ్రేమ్ ఓబ్రీ. స్పాన్సర్లు లేరు, జేబులో డబ్బులూ లేవు. సైకిల్ తనే తయారుచేసుకున్నాడు. పెడల్స్ మధ్య ఎడం తగ్గాలని వాషింగ్ మెషీన్‌లోని బేరింగ్ తీసి బిగించాడు. హ్యాండిల్‌ని ఛాతీ కిందికి లాగి, చేతులు మడిచి ఒంటికి ఆనించుకుని తొక్కేవాడు. మోకాళ్లకి తగలకుండా ఫ్రేమ్ పైగొట్టమే తీసేశాడు. ఆ సైకిల్‌కి పెట్టిన పేరు 'ఓల్డ్ ఫెయిత్‌ఫుల్', మన మాటల్లో 'పాత నమ్మకస్తురాలు' అనుకోండి.

1993 జులై 16, నార్వేలోని హామర్. మొదటి ప్రయత్నం అతను ఆ పాత సైకిల్ మీద చేయలేదు. దాని నమూనాలోనే ప్రొఫెషనల్‌గా కట్టిన కొత్త సైకిల్ ఎక్కాడు. రికార్డ్ అందలేదు. ఇంకొకరైతే ఇంటికి వెళ్లి నెలల తరబడి రెస్ట్ తీసుకునేవారు. ఓబ్రీ మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చాడు. రాత్రి ఒళ్లు పట్టేయకుండా ఉండాలని నీళ్లు బాగా తాగి పడుకున్నాడట, బాత్రూమ్‌కి లేచినప్పుడల్లా కండరాలు సాగదీసుకోవచ్చని! ఈసారి పాత నమ్మకస్తురాలినే ఎక్కాడు. 51.596 కిలోమీటర్లు. మోజర్ కంటే 445 మీటర్లు ఎక్కువ, అదీ మెక్సికో పల్చటి గాలి లేకుండా.

అతని గేర్ 52–12. ఒక్క చుట్టుకి దాదాపు 9.1 మీటర్లు. లెక్కేస్తే నిమిషానికి 94 చుట్ల చిల్లర. చూడండి, మెర్క్స్ కంటే వేగంగా వెళ్లాడు, కానీ కాళ్లు నిదానంగా తిరిగాయి. గాలి అడ్డు తగ్గింది కాబట్టే అంత పెద్ద గేర్‌ని లాగగలిగాడు.

ఆ సంతోషం ఆరు రోజులే. జులై 23న ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఇంగ్లండ్ రైడర్ క్రిస్ బోర్డ్‌మన్ 52.270 కొట్టాడు. తర్వాతి ఏడాది ఏప్రిల్‌లో ఓబ్రీ అదే బోర్డోలో 52.713తో మళ్లీ లాక్కున్నాడు. ఆ తర్వాత అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ ఓబ్రీ కూర్చునే పద్ధతినే నిషేధించింది. ఓబ్రీ ఊరుకోలేదు, చేతులు ముందుకి చాచే 'సూపర్‌మ్యాన్' పొజిషన్ కనిపెట్టాడు. 1996లో బోర్డ్‌మన్ ఆ పొజిషన్‌తోనే మాంచెస్టర్‌లో 56.375 కిలోమీటర్లు వెళ్లాడు. తర్వాత దాన్నీ నిషేధించారు.

అసలు షాక్ 2000లో. సైకిలే గెలుస్తోంది, మనిషి కాదు అనుకున్న యూసీఐ, 1972 తర్వాతి రికార్డులన్నిటినీ వేరే లిస్ట్‌లోకి నెట్టేసింది. రికార్డ్ కావాలంటే మెర్క్స్ తొక్కినలాంటి సైకిల్ మీదే తొక్కాలి: గుండ్రటి గొట్టాలు, పుల్లల చక్రాలు, కిందికి వంగిన మామూలు హ్యాండిల్. అదే బోర్డ్‌మన్ ఆ ఏడాది అక్టోబర్‌లో ఆ సైకిల్ ఎక్కాడు. వచ్చింది 49.441. మెర్క్స్ కంటే పది మీటర్లు ఎక్కువ, అంతే! ఒకే మనిషికి నాలుగేళ్ల తేడాలో దాదాపు ఏడు కిలోమీటర్లు తగ్గింది. అప్పటికి వయసు కాస్త పెరిగింది, నిజమే. కానీ ఆ ఏడు కిలోమీటర్లలో సింహభాగం గాలి తినేసింది.

నాకు ఇక్కడ రెండు వైపులా న్యాయం కనిపిస్తుంది. మనిషిని మనిషితోనే పోల్చాలన్న యూసీఐ వాదన అర్థమవుతుంది. కానీ మెర్క్స్ మాత్రం మామూలు సైకిల్ తొక్కాడా? చిల్లులు కొట్టి, గాలి పల్చగా ఉన్న ఊరు వెతుక్కుని వెళ్లాడు. ఆ రోజుకి అదే టాప్ టెక్నాలజీ. డబ్బున్న టీమ్ చేస్తే రీసెర్చ్, డబ్బులేని ఓబ్రీ వాషింగ్ మెషీన్ విప్పితే అన్యాయమా? చివరికి 2014లో యూసీఐ కూడా దిగొచ్చింది. అప్పటికి ట్రాక్ రేసుల్లో అనుమతి ఉన్న సైకిల్ ఏదైనా వాడొచ్చంది.

అప్పటి నుంచి మళ్లీ జోరు. 2022 ఆగస్టులో డాన్ బిగమ్ అనే ఇంజనీర్ స్విట్జర్లాండ్‌లోని గ్రెంచన్‌లో 55.548 కొట్టాడు. రెండు నెలలు కాకముందే అక్టోబర్ 8న, అదే ట్రాక్ మీద ఇటలీ రైడర్ ఫిలిప్పో గన్నా 56.792 వెళ్లాడు. గమ్మత్తేంటంటే, అప్పట్లో గన్నా టీమ్‌లో పనిచేసిన ఇంజనీర్ ఈ బిగమే. తన రికార్డ్ పోవడానికి తనే సాయం చేశాడు! 2023లో ఇటలీకి చెందిన విత్తోరియా బుస్సీ 50 కిలోమీటర్లు దాటిన మొదటి మహిళ అయింది. ఆమె మ్యాథ్స్‌లో డాక్టరేట్ చేసింది.

గన్నా గేర్ 65–14. ఒక్క చుట్టుకి సుమారు 9.75 మీటర్లు, నిమిషానికి 97 చుట్లు. ఇక్కడ ఒక డౌట్ రావాలి. 56–12 పెట్టినా రేషియో దాదాపు అంతే కదా, ముందు అంత పెద్ద చక్రం ఎందుకు? వెనక చక్రం చిన్నదైతే చైను ఎక్కువ వంగాలి, రాపిడి పెరుగుతుంది. పెద్ద చక్రాల మీద చైను తక్కువ వంగుతుంది. మిగిలేది చాలా తక్కువే, కానీ గంటసేపు మిగులుతుంది.

ఇంత పెద్ద గేర్ చూసి "మనమూ 65 పెట్టేద్దాం" అనుకోకండి. నేను ఈ కథంతా చెప్పింది అందుకే. పెద్ద గేర్ వల్ల గన్నాకి స్పీడ్ రాలేదు. స్పీడ్ వచ్చింది కాబట్టి ఆ గేర్ అవసరమైంది. గేర్ మన కాళ్లకి, మన పొజిషన్‌కి, ఆ ట్రాక్‌కి, ఆ రేస్‌కి సరిపోవాలి. టీమ్ స్ప్రింట్‌లో ఒకే టీమ్‌లోని ముగ్గురు కూడా ఒకే గేర్ వాడరు. మొదటివాడు ఆగి ఉన్న సైకిల్‌ని లాగి పరిగెత్తించాలి కాబట్టి చిన్నది, మూడోవాడు చివరి ల్యాప్ టాప్ స్పీడ్‌లో వెళ్లాలి కాబట్టి పెద్దది.

మన హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో వెలోడ్రోమ్ ఉంది. పైకప్పు లేని ట్రాక్ ఎక్కడైనా ఒకవైపు గాలి తోస్తుంది, ఇంకోవైపు ఎదురొస్తుంది. అలాంటి చోట గేర్ ఒక మెట్టు తక్కువే మేలు. ట్రాక్ మీద కొత్తగా అడుగుపెట్టేవాళ్లు ఖరీదైన ఫ్రేమ్ కంటే ముందు తమ ఒంటికి సరిపోయే సైజు చూసుకోవాలి. గేర్ 48–15 దగ్గర మొదలుపెడితే చాలు. ఒక్క చుట్టుకి 6.7 మీటర్లు. కాళ్లు స్మూత్‌గా తిరగడం వచ్చాక ఒక్కో పన్ను పెంచుకుంటూ పోవచ్చు. చక్రం మార్చడం ఫ్రేమ్ మార్చడం కంటే చాలా చవక.

చిన్న గేర్ అని చిన్నచూపు వద్దు. 48–15తో నిమిషానికి 90 చుట్లు గంటసేపు తిప్పగలిగితే 36 కిలోమీటర్లు దాటతారు. అంటే 1893 నాటి డెస్‌గ్రాంజ్ మీ వెనకే ఉంటాడు.

రికార్డుల్లోంచి సైకిల్‌ని తీసేసి మనిషినే చూడాలా, లేక సైకిల్ తయారుచేసే తెలివి కూడా మనిషిదేనా? మీరేమంటారో కామెంట్‌లో రాయండి, చదువుతాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, అప్పటిదాకా ఉంటాను మరి.