ఆరు దగ్గర ఆగిన అంకె

లినక్స్ సర్వర్లతో పొద్దుపుచ్చే నాలాంటివాళ్లకు లిబ్‌సి.ఎస్‌ఓ.6 అన్న ఫైలు పేరు కంఠతా వచ్చు. ఫైలు తెరవాలన్నా, మెమరీ అడగాలన్నా దాదాపు ప్రతి ప్రోగ్రామూ దీని గడప తొక్కాల్సిందే. గ్నూ ప్రాజెక్టు కోసం రోలాండ్ మెక్‌గ్రాత్ 1980ల చివర్లో మొదలుపెట్టిన జీలిబ్‌సి అనే సీ భాషా లైబ్రరీ ఇదే. పేరు చివర ఉన్న ఆ 6, 1997 నుంచి నేటిదాకా 7 కాలేదు. నా దృష్టిలో ఇది మన వృత్తి చరిత్రలోని గొప్ప పనుల్లో ఒకటి.

ఆ అంకె మారిందంటే పాత ప్రోగ్రాములు కొత్త లైబ్రరీతో నడవవని అర్థం. 5 నుంచి 6కు మారినప్పుడు అదే జరిగింది. అంతకుముందు లినక్స్ వాళ్లు గ్నూ లైబ్రరీ నుంచి చీల్చుకున్న సొంత ప్రతిని వాడేవారు. దాన్ని వదిలి మళ్లీ అసలు లైబ్రరీకి చేరడంతో, 1997 డిసెంబరులో రెడ్‌హ్యాట్ 5.0, 1998 జులైలో డెబియన్ 2.0 సమస్త ప్రోగ్రాములనూ తిరిగి కంపైల్ చేసి విడుదల చేయాల్సివచ్చింది. సోర్సు లేని ప్రోగ్రాముల కోసం పాత లైబ్రరీని కూడా పక్కనే ఉంచుకోక తప్పలేదు.

1999లో వచ్చిన జీలిబ్‌సి 2.1తో పద్ధతి మారింది. ఫంక్షన్ పేరుకు వెర్షన్ ముద్ర తగిలించారు. ఈ ఆలోచన సన్ కంపెనీ సొలారిస్‌లో ముందే ఉంది. గ్నూ వాళ్లు ఇంకో అడుగు వేసి, ఒకే పేరున్న ఫంక్షన్ పాత రూపమూ కొత్త రూపమూ ఒకే ఫైలులో ఉండేలా చేశారు. ప్రోగ్రామును కట్టిననాడు ఏ ముద్ర పడిందో, ఎన్నేళ్లు గడిచినా దానికి ఆ రూపమే అందుతుంది.

దీని విలువ తెలియాలంటే మెమ్‌కాపీ కథ చెప్పుకోవాలి. మెమరీలో ఒకచోటి బైట్లను ఇంకోచోటికి నకలు చేసే ఫంక్షన్ అది. రెండు చోట్లూ ఒకదాని మీదికి ఒకటి రాకూడదని సీ భాష ప్రమాణం స్పష్టంగా చెబుతోంది. వస్తే మెమ్‌మూవ్ వాడాలి. సినిమా హాల్లో వరుసగా కూర్చున్నవాళ్లను రెండేసి సీట్లు కుడికి జరపాలంటే కుడి చివర నుంచే మొదలుపెట్టాలి కదా, ఏ చివర నుంచి మొదలుపెట్టాలో చూసుకునేది మెమ్‌మూవ్. మెమ్‌కాపీకి ఆ బాధ్యత లేదు.

2010లో కొన్ని ప్రాసెసర్ల మీద వేగం కోసం మెమ్‌కాపీ వెనుక నుంచి ముందుకు నకలు చేయడం మొదలుపెట్టింది. దాంతో ఫెడోరా 14 లినక్స్‌లో, బ్రౌజర్‌లో పాటలూ వీడియోలూ ఆడించే ఫ్లాష్ ప్లగిన్ శబ్దం గరగరలాడింది. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ స్వయంగా తవ్వి చూస్తే, ఫ్లాష్ ఆ నిషేధాన్ని మీరి మెమ్‌కాపీ వాడుతోందని తేలింది. తప్పు ఫ్లాష్‌దే అన్నారు లైబ్రరీవాళ్లు. నిన్నటిదాకా నడిచింది ఇవాళ చెడితే వాడేవాడికి ప్రమాణంతో పనేముంది అన్నది టోర్వాల్డ్స్ వాదన. శాస్త్రం మొదటివారి పక్షాన ఉన్నా, నేను రెండో పక్షమే. పాట వినే మనిషి సీ ప్రమాణం చదవడు, చదవనక్కర్లేదు.

2011లో వచ్చిన 2.14 ఈ తగవు తీర్చింది. కొత్తగా కట్టే ప్రోగ్రాములకు 2.14 ముద్రతో వేగవంతమైన మెమ్‌కాపీ ఇచ్చి, 2.2.5 ముద్ర ఉన్న పాత మెమ్‌కాపీని లోలోపల మెమ్‌మూవ్‌కు మళ్లించారు. పాత ప్రోగ్రాముల పొరపాటును లైబ్రరీయే మోసింది. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు ఆబ్జ్‌డంప్ అనే పనిముట్టుతో ఈ రెండు ముద్రల వరుసలూ తెరిచి చూపిస్తాను. కొత్త యంత్రం మీద కట్టిన ప్రోగ్రామును పాత సర్వర్‌లో పెట్టి, 2.34 ముద్ర దొరకలేదన్న ఎర్రర్‌తో వాళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడే ఈ పాఠం. జీలిబ్‌సి మాట ఇచ్చింది పాత ప్రోగ్రాము కొత్త లైబ్రరీ మీద నడుస్తుందనే, తిరగేసి కాదు.

ఆ 2.34 వచ్చింది 2021లో. థ్రెడ్‌ల లైబ్రరీని అందులోనే కలిపేసినా, పాత ప్రోగ్రాములు పేరు పెట్టి అడుగుతాయని లిబ్‌పీథ్రెడ్ ఫైలును ఉత్త డొల్లగానైనా ఉంచారు.

మరుసటి ఏడు 2.36లో మాత్రం చిన్న మార్పొకటి జరిగింది. ఫంక్షన్ పేర్లు వెతికే డీటీ హ్యాష్ అనే పాత పట్టిక లైబ్రరీ ఫైళ్లలో రావడం ఆగిపోయింది. దానికన్నా వేగమైన పట్టిక 2006 నుంచే ఉంది. కానీ ఆటల్లో మోసాలను పట్టే ఈజీ యాంటీచీట్ అనే ప్రోగ్రాము ఆ పాత పట్టికనే నేరుగా చదువుతుండటంతో, దాని మీద ఆధారపడ్డ ఆటలు తెరుచుకోలేదు. ఆర్చ్ లినక్స్ వాళ్లు పట్టికను తిరిగి పెట్టుకున్నారు. ముద్రలన్నీ పదిలంగా ఉన్నాయి, ఒక్క ఫంక్షనూ పోలేదు, అయినా ఆట ఆగింది. ఫంక్షన్లకు ఉన్న రక్షణ, ఫైలు లోపలి అమరికకు లేకపోవడమే దీనికి కారణం. కొన్ని కిలోబైట్ల ఆ పట్టికను అలాగే ఉంచేస్తే సరిపోయేదని నేను ఇప్పటికీ అంటాను.