మక్కకంకి, సీమకోడి: బంజారా కొండల మీద ఒక పాత కథ

జూబ్లీహిల్స్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ సాయంత్రం పూట నడిస్తే బొగ్గుల మీద మక్కకంకులు కాలే వాసన వస్తుంది. విసనకర్ర పట్టుకుని కూర్చున్నవాళ్లలో మన తండాల ఆడబిడ్డలు ఉంటారు. అక్కడికి దగ్గర్లోని పెద్ద హోటళ్లలో క్రిస్మస్ వచ్చిందంటే టర్కీ కోడిని నిలువునా కాల్చి వడ్డిస్తారు, పక్కన ఉడికించిన మక్కగింజలు పెడతారు. తినేవాళ్లకు అది అమెరికా దొరల భోజనం. ఆ పళ్లెంలోని రెండూ ఆదివాసులు పెంచి లోకానికి ఇచ్చినవని వాళ్లకు ఎవరూ చెప్పరు.

ముందు ఈ నేల సంగతి. మొగలుల, నిజాముల సైన్యాల వెంట ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసిన లంబాడీలు ఈ రాతిగుట్టల్లో ఉండేవారు. బంజారాహిల్స్ అనే పేరు వాళ్లదే. ఆ పక్క గుట్టలే జూబ్లీహిల్స్ అయ్యాయి. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి తరలివస్తున్న కాలంలో, 1976లో, ఇక్కడ అన్నపూర్ణ స్టూడియో మొదలైంది. ఆ తర్వాత ఫిల్మ్‌నగర్ వెలిసింది. తెలంగాణ లంబాడీలను షెడ్యూల్డ్ తెగల్లో చేర్చిన చట్ట సవరణ కూడా 1976దే. గుర్తింపు వచ్చేనాటికి గుట్టల మీద పేరు మాత్రమే మిగిలింది.

మక్కజొన్న పుట్టిల్లు మెక్సికో. అక్కడి ఆదివాసులు సుమారు 9000 ఏళ్ల కిందట ఒక గడ్డిమొక్కను ఎంచి ఎంచి విత్తుతూ ఇప్పటి కంకిని తయారుచేశారు. టర్కీ కోడిని మచ్చిక చేసిందీ వాళ్లే. దానికి 2000 ఏళ్లు దాటింది. ఉత్తరాన, ఇప్పటి అమెరికా నైరుతి ప్రాంతంలోని ప్యూబ్లో ప్రజల పాత ఊళ్లలో దొరికిన టర్కీ ఎముకలను పరీక్షిస్తే, ఆ పక్షులు మక్కలు తినే పెరిగాయని తేలింది. వాళ్లు మొదట వాటిని పెంచింది ఎక్కువగా ఈకల కోసం. ఈకలను తాడులా పేని చలి దుప్పట్లు నేసేవారు. (మన సినిమాల్లో ఆదివాసి అనగానే తలకు నాలుగు ఈకలు గుచ్చి మంట చుట్టూ గెంతిస్తారు. గుస్సాడీ నెమలి ఈకల టోపీ వెనుక ఎంత నియమం ఉందో వాళ్లకు పట్టదు.)

మెక్సికోలో మక్కలను సున్నపునీళ్లలో ఉడికించి, పొట్టు తీసి, రుబ్బి, ఆ ముద్దలో టర్కీ మాంసం పెట్టి, కంకి పొరలోనే చుట్టి ఆవిరి మీద వండేవారు. అడ్డాకులో చుట్టి నిప్పుల్లో పెట్టే మన వంటకు అది దూరపు చుట్టం. సున్నం వేసింది రుచి కోసమే కాదు. మక్కల్లోని ఒక విటమిన్ అలా ఉడికిస్తేనే ఒంటికి పడుతుంది. గింజను తీసుకెళ్లి సున్నాన్ని వదిలేసిన ఐరోపాలో, మక్కలే తిని బతికిన పేదలు పెలాగ్రా రోగంతో చచ్చిపోయారు.

ఈ పక్షి గోవా మీదుగా 1612లో జహంగీరు దర్బారుకు చేరింది. చక్రవర్తి ముచ్చటపడి మన్సూర్ చేత బొమ్మ గీయించాడు. ఇంగ్లీషువాళ్లు దీన్ని టర్కీ అన్నారు. టర్కీవాళ్లేమో ‘హిందీ’ అంటారు, అంటే ఇండియాది అని. మనం సీమకోడి అన్నాం. పుట్టించినవాళ్ల పేరు ఎవరి నోటా లేదు.

కోడి దర్బారుల్లో ఉండిపోయినా మక్క మన చేలల్లోకి వచ్చింది, గటక అయింది. 1961లో దేశంలో విడుదలైన తొలి సంకర మక్కల్లో ‘దక్కన్’ రకం హైదరాబాదు అంబర్‌పేటలో పుట్టింది. ఇప్పుడు మన చేల మక్కల్లో ఎక్కువ భాగం కోళ్ల, పశువుల దాణాకే పోతోంది. ఫారం కోడిగుడ్డు సొనకు పసుపురంగు వచ్చేది చాలావరకు ఆ గింజలనుంచే.

ఇక్కడ ఒక చావు కథ చెప్పాలి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ పిల్లలు కాలేయం పాడై చచ్చాయి. కారణం దాణాలో కలిపిన బూజుపట్టిన వేరుశనగ చెక్క. ఆ బూజు విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. పద్నాలుగేళ్ల తర్వాత, 1974లో, అకాల వానలకు తడిసిన మక్కలు తిని గుజరాత్ పంచమహల్, రాజస్థాన్ బాన్స్‌వాడా జిల్లాల్లో దాదాపు 400 మంది కామెర్లతో, పొట్ట ఉబ్బి మంచం పట్టారు. వందమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది భిల్లు ఆదివాసులు. ఊళ్లలో కుక్కలు కూడా అలాగే చచ్చాయి. దీనికి మూలం అఫ్లటాక్సినే అని తేల్చింది మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. టర్కీ పిల్లలు చచ్చినప్పుడు లోకమంతా పరిశోధనకు దిగింది. తీరా తెలిసిన ఆ సంగతి మాత్రం భిల్లుల గూడేలకు చేరలేదు.

ఆ విషం ఉడికించినా, కాల్చినా పూర్తిగా పోదు. గింజ బాగా ఎండితే బూజే రాదు. అందుకే మన పెద్దలు విత్తనపు కంకులను పొరలతో జడలల్లి పొయ్యి పైన దూలానికి వేలాడదీసేవారు. పొగకు పురుగూ రాదు, తేమా ఉండదు. ఇప్పుడు నూర్చిన గింజను తారురోడ్డు మీద ఆరబోసి, కొనేవాడు వచ్చేదాకా కవరు కప్పి కూర్చుంటున్నాం. నల్లబడినవి ఏరి ఇంటి కోళ్లకు వేస్తున్నాం. ఉపాధ్యాయ మిత్రులు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి, కంకులు దూలానికి కట్టడం తెలిసిన ముసలమ్మలు మీ గూడెంలో ఇంకా ఎందరున్నారో, ఏ ముడి ఎలా వేస్తారో రాసుకుని రండి.