గోకితే దొరకని పురుగు

గజ్జి అనే మాట మా కాలంలో సొంత గడప లోపల ఎవరూ అనేవాళ్లు కాదు నాయనా. ఎదురింటి ఎనుముకు గజ్జి, పక్కింటి కుక్కకు గజ్జి. మన కొట్టంలోని దూడకు మాత్రం ‘వేడి చేసింది’. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం! ఆ దూడ గోడకు ఒళ్లు రుద్దీ రుద్దీ సున్నమంతా రాలగొట్టినా సరే, దాని పేరు వేడే.

అప్పటి మడివాళ నువ్వు చూసే మడివాళ కాదులే. నువ్వు సిల్క్ బోర్డు దగ్గర బండి ఆపుకుని ఫోను చూసుకుంటూ కూర్చుంటావే, ఆ వైపంతా మళ్లూ తోటలూ. ఇళ్లలో తెలుగు, అంగట్లో కన్నడం, సోమేశ్వరస్వామి గుడి గోడ మీద తమిళ శాసనాలు. ఎనుములకు ఏ భాషైనా ఒకటే, సాయంత్రమైతే చెరువులో పడేవి. గజ్జికి మందంటే గంధకం నూరి, కానుగనూనెలో కాచి పూయడం. గంధకం పొట్లం శెట్టి అంగట్లో పావలా. పూసిన మనిషికి కూలీ డబ్బులు ఉండవు, రాగిముద్దా చారూ పెడితే చాలు. అదీ దూరంగా కూర్చోబెట్టి పెట్టేవాళ్లు, ఆ కంపు అలాంటిది. నవ్వకు, గంధకం నిజంగానే ఆ పురుగును చంపుతుంది. పెద్దవాళ్లను మరీ తీసిపారెయ్యకు. కాకపోతే పావలా కూడా దండగనుకున్న మహానుభావులు లారీలోంచి తీసిన మడ్డి ఇంజనాయిలు పూసేవాళ్లు. పురుగు సంగతి తర్వాత, తోలు ముందు ఊడేది.

చదువుకున్నవాళ్లను అడగొచ్చు కదా అంటావు. ఎంత దూరమని! హోసూరు రోడ్డు మీదే, ఆడుగోడిలో, 1923లో పెట్టిన డెయిరీ సంస్థ ఉంది. 1927లో గాంధీగారు ఒంట్లో బాగాలేక బెంగళూరులో విశ్రాంతికి వచ్చి, మాలవీయగారితో కలిసి అక్కడికి పోయారు. విలియం స్మిత్ అనే దొర దగ్గర ఆవుల పెంపకం పాఠాలు విన్నారు. ఎక్కడి సబర్మతి, ఎక్కడి ఆడుగోడి! మావాళ్లు మాత్రం కూతవేటు దూరంలో ఉండి, పోయి ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. అడిగితే కొట్టంలో గజ్జి ఉందని ఒప్పుకున్నట్టే కదా.

సరే, గాంధీగారిని వదిలి గజ్జి దగ్గరికి రా.

హెబ్బాళలో పశువైద్య కళాశాల 1958లో వచ్చింది. ఆ చదువు చదివిన డాక్టర్లు మా వైపు తిరగడం మొదలయ్యాక తెలిసింది, వేడి కాదు, అది సార్కోప్టిస్ అనే పురుగని. ఆడది అర మిల్లీమీటరు కూడా ఉండదు. చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ గుడ్లు పెడుతుంది. గుడ్డు పురుగై మళ్లీ గుడ్లు పెట్టడానికి మూడు వారాలు చాలు. దాన్ని పట్టడానికి డాక్టరు మొండి కత్తికి నూనె రాసి, చెవి అంచునా మోచేతి దగ్గరా రక్తం చెమర్చేదాకా గోకేవాడు. ఆ పొట్టును పొటాషియం హైడ్రాక్సైడులో కాచి, మైక్రోస్కోపు కింద పెట్టి వెతికేవాడు. కుక్కల్లో అయితే చాలాసార్లు ఒక్కటీ దొరకదు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే, ఇక్కడ ఆ ఎలుక కూడా లేదు. కొన్ని పురుగులున్నా చాలు, వాటి ఉమ్మీ పెంటికలూ పడక ఒళ్లంతా దురద పుడుతుంది. గోకిన చోట పురుగు లేకపోతే ఎక్కడా లేదని అర్థం కాదు. కానీ ఆ మాట యజమానికి ఎక్కుతుందా? “చూశారా, మా టామీకి గజ్జి లేదన్నానా లేదా!” అని కాలరెగరేసేవాడు. టామీ ఆ పక్కనే గోక్కుంటూ ఉండేది.

ఈ చిక్కు విప్పింది ఎవరో తెలుసా? నక్కలు. స్వీడన్‌లో 1970లలో నక్కలకు గజ్జి తగిలి అడవులకు అడవులే పాకింది. వాటి నుంచి కుక్కలకూ అంటింది. అక్కడి సెట్ బోర్న్‌స్టీన్ అనే పశువైద్యుడు, ఆయన తోటివాళ్లూ చచ్చిన నక్కల చర్మం నుంచి పురుగులు తీసి, నూరి, ఆ సారాన్ని ప్లాస్టిక్ పళ్లెం గుంటల్లో అంటించారు. అందులో కుక్క రక్తం నుంచి తేర్చిన సీరం పోస్తారు. ఆ పురుగుతో పోరాడిన ఒళ్లయితే రక్తంలో యాంటీబాడీలు ఉంటాయి, అవి సారాన్ని పట్టుకుంటాయి. ఆ పట్టు మన కంటికి రంగుగా తేలుతుంది. దీన్నే ఎలీసా అంటారు. 1971లో ఎంగ్వాల్, పెర్ల్‌మన్ లోకానికి చెప్పిన పద్ధతి, వాళ్లదీ స్వీడనే. కుక్కల గజ్జికి పనికొస్తుందని 1996లో రాశారు. పురుగు ఎక్కడ దాక్కుందో వెతికే పనే లేదు, సూదితో కాస్త రక్తం తీస్తే చాలు.

అయితే ఈ పురుగు మహా మొండిది, సీసాలో పెంచుదామంటే బతకదు. సారం కావాలంటే గజ్జి పట్టిన జీవం ఉండాల్సిందే. ఎడింబరా దగ్గరి మోర్‌డన్ సంస్థవాళ్లు దీనికి ఉపాయం పన్నారు, గొర్రెల గజ్జి విషయంలో. అది వేరే పురుగు, సొరోప్టిస్, తోలు మీదే ఉంటుంది. దాని ప్రొటీన్లలో ఒకదాన్ని బ్యాక్టీరియా చేత తయారు చేయించి, దానితోనే పరీక్ష అల్లారు. బొచ్చు ఊడకముందే, పురుగు చేరిన రెండు వారాలకే గొర్రె రక్తం గుట్టు చెప్పేస్తుంది. 2011లో ప్రచురించారు. మా సంతల్లో తువ్వాలు కింద వేళ్లు నొక్కి బేరాలాడేవాళ్లు చూడు, ఈ పరీక్ష అప్పుడే వచ్చి ఉంటే సగం బేరాలు తువ్వాలు తీయకముందే తెగిపోయేవి.

ఇందులోనూ లొసుగులున్నాయి, విను. కుక్క రక్తంలో యాంటీబాడీలు తేలడానికి రెండు నుంచి ఐదు వారాలు పడుతుంది. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టన్నమాట, ఇక్కడ మొరగాల్సిందీ కుక్కే పాపం. మందుతో పురుగు చచ్చినా యాంటీబాడీలు నెలల తరబడి పోవు. అందుకని రంగు తేలినంత మాత్రాన పురుగు ఇప్పుడు ఉన్నట్టూ కాదు, తేలకపోతే లేనట్టూ కాదు. డాక్టరు కళ్లూ చేతులూ పనిచెయ్యాల్సిందే. మన యలహంకలో నివేది సంస్థవాళ్లు ఇదే ఎలీసాతో ఆవులూ ఎనుములూ ఈసుకుపోయే బ్రూసెల్లోసిస్‌ను పట్టే కిట్లు చేశారు. గజ్జికి మాత్రం మన వీధి డాక్టరు చేతికి ఇప్పటికీ ముందు వచ్చేది ఆ కత్తే.

ఇంతసేపూ నేను చెబుతుంటే నీ కుక్క ఆ సోఫా కాలుకు ఒళ్లు రుద్దుతూనే ఉంది, చూస్తున్నా. దాన్నిటు పట్టుకో. చెవి అంచును మడిచి, రెండు వేళ్లతో గట్టిగా నలుపు. అదిగో, వెనక కాలు గోకినట్టు ఆడిస్తోంది. డాక్టర్లు ఇప్పటికీ నమ్మే పాత చిట్కా అది. రేపు పొద్దున్నే తీసుకుపో, ఇంట్లో ఉన్న ఆ రెండో కుక్కనీ తీసుకుపో. అది గోక్కోవడం లేదంటావా? పురుగు చేరి దానికింకా మూడు వారాలు నిండలేదేమో.